వద్దంటే వెనక్కి తీసిన చెయ్యి

మొన్న మార్గశిరం చలిలో, పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలని శ్రీకాకుళంలో ఒక లేబొరేటరీకి వెళ్ళాను. డెబ్బై అయిదు దాటినవాళ్ళకి ఇలాంటి చోట్ల మర్యాద తక్కువ, తొందర ఎక్కువ. కుర్చీలో కూలేయడం, చెయ్యి లాగడం, రబ్బరు గొట్టం బిగించడం, సూది గుచ్చడం, దూదిముక్క అంటించి "అయిపోయింది మామ్మగారూ" అనడం అన్నీ ఒక్క ఊపిరిలో జరిగిపోతాయి. ఆ రోజు మాత్రం అలా జరగలేదు. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఒక సన్నటి అమ్మాయి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులూ గరగరమని రుద్దుకుంది. "నా చేతులు చల్లగా ఉన్నాయమ్మా, అందుకని" అంది. అని ఊరుకోకుండా, "చెయ్యి పట్టుకోనా?" అని అడిగింది.

ఆ గరగర చెవిని పడగానే నా ముక్కుకి ఎర్ర కార్బాలిక్ సబ్బు వాసన తగిలింది. ఆ గదిలో అలాంటి సబ్బు లేదు, ఇప్పుడెవరూ వాడుతున్నట్టు కూడా లేదు. కానీ నాకు ఆ వాసనా ఆ శబ్దమూ కలిస్తే ఒక మనిషి. డాక్టరు సుభద్రమ్మ గారు. పాపం ఆ అమ్మాయి చెయ్యి చాపి ఎదురుచూస్తోంది, నేను జవాబు చెప్పకుండా యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. చివరికి ఏం జవాబు చెప్పానో తర్వాత చెప్తాను. ముందు ఆవిడ గురించి చెప్పాలి.

నాది నరసన్నపేట. మా నాన్న రైతు. ఎస్సెల్సీ పాసై, టైపు హయ్యరు కూడా పూర్తిచేసేసరికి అరవైల చివరికి వచ్చాం. పంతొమ్మిదేళ్ళకి జిల్లాలోనే ఒక చిన్న పట్నంలో ఆడవాళ్ళ ఆసుపత్రిలో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయేవాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు, బజారులో కనబడితే పలకరించుకుంటాం. అప్పట్లో నాకు కళ్ళు నెత్తి మీదుండేవి. చూడకుండా పేజీ పేజీ కొట్టగలను, ఒక్క అక్షరం తప్పు పోదు అని గర్వం. నేను చేరిన ఏడాదికి పాత డాక్టరు గారు వెళ్ళిపోయి సుభద్రమ్మ గారు బదిలీ మీద వచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి, పొట్టిగా, చేతికి మగవాళ్ళ గడియారం, జేబురుమాలులో మూటగట్టిన వేరుశెనగ పప్పు. విజయనగరంలో వీణ విద్వాంసుల ఇంట పుట్టారు. "మా ఇంట్లో అందరి వేళ్ళూ వీణ మీద, నా ఒక్కదాని వేళ్ళే నాడి మీద" అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎవరూ సరిగ్గా అడగలేదు" అని నవ్వేసేవారు.

అడగడం అన్నది ఆవిడకి పెద్ద పట్టింపు. ఎవరి ఒంటిమీదా అడగకుండా చెయ్యి వేసేవారు కాదు. ఎర్ర కార్బాలిక్ సబ్బుతో చేతులు కడుక్కోవడం, గరగర రుద్దుకుని వేడి చేసుకోవడం, "చెయ్యి వెయ్యనా?" అనడం. జమీందారు కోడలొచ్చినా, కట్టెలమోపు దించి వచ్చిన మనిషైనా ఇదే వరస. ఒకసారి కాలి మీద సెగ్గడ్డతో అయిదేళ్ళ పిల్లని తెచ్చారు. "చూడనా?" అన్నారు. పిల్ల "వద్దు" అంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చున్నారు. కాసేపాగి మళ్ళీ అడిగారు. "వద్దు." మళ్ళీ చెయ్యి వెనక్కి. బయట నలభైమంది వరస కట్టి ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అమ్మగారూ, ఇలా అడుగుతూ కూర్చుంటే పొద్దు గుంకుతుందండి" అన్నాను. "గుంకనీ సరోజా" అన్నారు ఆవిడ, పిల్లకేసే చూస్తూ. "వద్దంటే నిజంగా తీస్తానో లేదో అది పరీక్ష పెడుతోంది. తీస్తానని తెలిస్తేగాని రమ్మనదు." నాలుగోసారికి ఆ పిల్ల తనే కాలు చాపింది. కుట్టడానికి వచ్చిన చీమని చూసినట్టు గడ్డ కోసే కత్తిని చూసింది తప్ప ఏడవలేదు. నాకు మాత్రం అప్పుడది చాదస్తంగానే కనబడింది.

నా గది గోడకి పాత డాక్టరు గారి కాలం నాటి నమూనా కాగితం ఒకటి మైదా జిగురుతో అంటించి ఉండేది. చెరచబడ్డామని పోలీసుల వెంట వచ్చిన ఆడవాళ్ళని పరీక్ష చేసి ఇచ్చే సర్టిఫికెట్టు ఎలా ఉండాలో దానిలో ఉంది. అంతా ఇంగ్లీషు. ఎక్కడ పేరు కొట్టాలి, ఎక్కడ వయసు కొట్టాలి, అన్నీ నాకు కంఠతా వచ్చు. చివరి నుంచి రెండో వాక్యం ఎవరు వచ్చినా మారేది కాదు. దాని అర్థం నాకు తెలీదు. పెళ్ళికాని పిల్లని, అర్థాలు అడగడం కూడా సిగ్గే. పాత డాక్టరు గారు చెప్పినా చెప్పకపోయినా ఆ వాక్యం ఉండాలి, అంతే. కొన్నాళ్ళకి కాగితం చూడకుండానే వేళ్ళు వాటంతటవే దాన్ని కొట్టేసేవి.

సుభద్రమ్మ గారు వచ్చిన తర్వాత అలాంటి కేసు మొదటిది ఒక వైశాఖ మాసంలో వచ్చింది. హెడ్డు కానిస్టేబులు వెంట ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ సిమ్మాద్రమ్మ, యాభై ఏళ్ళది, ముక్కుకి అడ్డబాస. రెండోది ఆవిడ కోడలు పైడమ్మ, ఇరవై రెండేళ్ళుంటాయి. పైడమ్మ మొగుడు కలకత్తాలో జూటుమిల్లులో పని. అత్తా కోడళ్ళు కూలికి పోయేవారు, వేసవిలో పొయ్యిలోకి జీడితోటలో ఎండాకులు ఏరుకునేవారు. ఆ తోట గుత్తకి తీసుకున్న పెద్దమనిషి ముందు రోజు మధ్యాహ్నం పైడమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెయ్యరాని పని చేశాడు. అంతకన్నా చెప్పనక్కర లేదు. ఊరు చెప్పిన మాట మాత్రం చెప్పాలి. ఆకులేరుకోమన్నాడు, ఏరుకుంది. ఆ చెట్టు కింద ఎక్కువున్నాయి రమ్మన్నాడు, వెళ్ళింది. ఇంకేం ఒప్పుకోవాలి అన్నారు. ఆకులకి సరే అన్న మనిషి అన్నిటికీ సరే అన్నట్టేనని ఊరి లెక్క.

పైడమ్మ తల ఇంకా తడిగానే ఉంది. మెడ మీద పసుపు, ఒంటి మీద ఉతికిన కోక. సుభద్రమ్మ గారు చూడగానే గ్రహించారు. "తలకి పోశారా?" అన్నారు.

"పోసినానమ్మా" అంది సిమ్మాద్రమ్మ. "నిన్ననే నలుగెట్టి, పసుపు రాసి, కుండెడు నీళ్ళు పోసినాను. ఈ పొద్దు మల్లీ పోసినాను. కట్టుకున్న కోక సాకిరేవుకి ఎయించీసినాను. మైల గదమ్మా. గుంట వొణికిపోతంటే నానేటి సేసేది మరి?"

హెడ్డు నుదురు కొట్టుకున్నాడు. "సాక్ష్యమంతా రేవులో కలిపేసిందండి ఈ ముసల్ది. అయినా ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా ఆకుకే గదండీ" అన్నాడు. సుభద్రమ్మ గారు అతనికేసి తిరిగి, "నిజమేనయ్యా. అందుకే అందరూ ఆకుకి బుద్ధులు చెప్పేవాళ్ళే. ముల్లు పీకినవాణ్ణి ఒక్కణ్ణి చూద్దామంటే కనబడడు. నువ్వేమైనా పీకుతావేమోనని చూస్తున్నాను" అన్నారు. తర్వాత సిమ్మాద్రమ్మ చెయ్యి పట్టుకుని, "కన్నతల్లి చేసే పనే చేశావు" అన్నారు. అది ఆవిడని ఓదార్చడానికన్న మాట కాదు, నిజంగానే అలా అనుకున్నారు. ఆ ప్రాంతంలో ఏ తల్లయినా అదే చేస్తుంది. మైల కడగడం ప్రేమ అనుకుంటాం. మా అమ్మ కూడా నన్ను అలాగే కడిగి ఉండేది.

లోపలి గదిలో ఆవిడ ఎప్పటిలాగే చేతులు రుద్దుకున్నారు. "పరీక్ష చెయ్యనా తల్లీ?" అన్నారు. పైడమ్మ గోడకి అంటుకుపోయి "వద్దు" అంది. సుభద్రమ్మ గారు బయటికి వచ్చి హెడ్డుని టీ తాగి రమ్మన్నారు. అతను "జాప్యమైతే ఉన్న గుర్తులు కూడా పోతాయండి" అంటే, "అది నాకూ తెలుసు. వద్దన్న పిల్ల మీద నేనూ చెయ్యి వేస్తే ఆ తోటవాడికీ నాకూ తేడా ఏమిటి?" అన్నారు. మళ్ళీ లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చుని, ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో, ఏం రాస్తారో, మధ్యలో ఆపమంటే ఎలా ఆపేస్తారో చెప్పుకొచ్చారు. మధ్య మధ్య ఏమీ చెప్పకుండా వేరుశెనగ పప్పు నములుతూ కూర్చున్నారు. రెండు గంటలు గడిచాయి. తర్వాత తలుపవతల నుంచి పైడమ్మ గొంతు వినిపించింది. "సూడండి. ఆపమంటే ఆపుతారు గదా?" "ఆపుతాను." కొంతసేపటికి "ఆపండి" అని వినిపించింది, ఆ వెంటనే నిశ్శబ్దం. చాలాసేపటికి మళ్ళీ మెల్లగా "ఊఁ" అంది.

సాయంత్రం ఆవిడ తన చేత్తో రాసిన కాగితాలు నాకిచ్చారు. మొదట పైడమ్మ చెప్పింది చెప్పినట్టు, ఆ యాసలోనే తెలుగులో రాశారు. తర్వాత ఇంగ్లీషులో మోచేతుల మీదా వీపు మీదా గీతలు, ఎంత పొడుగు, ఎంత లోతు. అవి చిన్నవి, ఎండుటాకుల మీద పడితే ఎవరికైనా పడేంతవి. తెలుగు కాగితాన్ని ఉన్నదున్నట్టు జతచేసి, ఇంగ్లీషు భాగాన్ని తాపీగా కార్బన్ పెట్టి కొట్టాను. చివరికొచ్చేసరికి నా వేళ్ళు అలవాటైన పని అవి చేసేశాయి. గోడమీది కాగితంలో చివరి నుంచి రెండో వాక్యాన్ని, ఆవిడ రాయనిదాన్ని, నేను కొట్టేశాను. ఆ వేళకి కాన్పు కేసొకటి కష్టంగా ఉండి ఆవిడ అటు పరుగెడుతూ సంతకం పెట్టేశారు. కాగితం పోలీసులకి వెళ్ళింది.

మూడు నాలుగు నెలలు గడిచి, శ్రీకాకుళం కోర్టు నుంచి ఆవిడకి సమన్లు వచ్చాయి. సాక్ష్యానికి ముందు ఆఫీసు ప్రతి తీసి చదువుకుంటూ నన్ను పిలిచారు. "సరోజా, ఈ వాక్యం నేను చెప్పానా?" అని వేలు పెట్టి చూపించారు. నేను ఆవిడ చేతిరాత కాగితం తెచ్చి చూస్తే దానిలో లేదు. "అది ఎప్పుడూ ఉండేదేనండి" అన్నాను. "దీని అర్థం తెలుసా?" తెలీదన్నాను. ఆవిడ తెలుగులో చెప్పారు. ఈమె మగవాడి పొందుకి అలవాటు పడిన మనిషి, అని. నాకు చెవులు కాలిపోయాయి.

"పెళ్ళయి నాలుగేళ్ళయిన పిల్ల. ఆ మాటకేం అర్థం ఉంది?" అన్నారు. "దొంగలు పడిన ఇంటికి వెళ్ళి, ఈ ఇంటి తలుపు ఇదివరకు కూడా తెరుచుకునేది అని రాస్తారా ఎవరైనా? కానీ అవతలి వకీలుకి ఈ ఒక్క ముక్క చాలు. అలవాటున్న మనిషి, తనే ఒప్పుకుంది అంటాడు." నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు అర్థం తెలియక చేశావు. నేను అర్థం తెలిసీ చదవకుండా సంతకం పెట్టాను. ఎవరిది పెద్ద తప్పో కోర్టులో నేను చెప్తాను" అన్నారు. మళ్ళీ ఆవిడే, "కానీ నేనిప్పుడు మాట మారుస్తున్నానని అంటారు. నా చేతిరాత ఉంది, చూపిస్తాను. దాన్ని టైపు చేసిన మనిషి కూడా వచ్చి, అలవాటుకొద్దీ కొట్టానని చెప్తే బలం. నీకు సంబంధాలు చూస్తున్నారు. ఇలాంటి కేసులో బోనెక్కిన పిల్ల అని పేరు పడుతుంది. అది నాకు తెలుసు. వస్తావా?" అన్నారు.

"రాలేనండి" అన్నాను.

"సరే" అన్నారు.

ఆ సరేని నేను తర్వాత రెండు రోజులు తిప్పి తిప్పి చూశాను. దానిలో నిట్టూర్పు దాగి ఉందేమో, చిన్నబుచ్చుకోవడం ఉందేమో అని వెతికాను. ఏమీ లేదు. మర్నాడు మామూలుగానే పప్పు చేతిలో పోశారు, మామూలుగానే నా జడ రిబ్బను రంగు మీద వేళాకోళం ఆడారు. కోర్టు మాట ఎత్తనే లేదు. నాకు తెలిసిన పెద్దవాళ్ళెవరూ అలా ఉండరు. మా ఇంట్లో వద్దంటే మూడు పూటలు మూతి ముడుచుకోవడం, ఆ పైన తిట్లు, చివరికి మనమే "సరేలే" అనడం. ఆ సరేలేని అందరూ ఒప్పుకోవడం అనే అంటారు. పైడమ్మ ఊళ్ళో వాళ్ళు ఏ లెక్కన మాట్లాడుతున్నారో మూడోరోజు, ఆదివారం, నరసన్నపేటలో మా ఇంటి చావడిలో కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. అప్పుడే నాన్నకి కోర్టు సంగతి చెప్పాను. అక్కడే ఉన్న మా మేనత్త, "కందకి లేని దురద కత్తిపీటకేలనే?" అంది. అమ్మ కళ్ళొత్తుకుంది. నాన్న చుట్ట తీసి పక్కన పెట్టి, "అబద్దం సెప్పడానికి ఎల్తన్నావేటి? నిజం సెప్పడానికే గదా. మరి నన్నడుగుతావేటి, ఎల్లు" అన్నాడు.

సోమవారం వెళ్ళి "వస్తానండి" అన్నాను. సుభద్రమ్మ గారు కళ్ళద్దాలు తీసి, "ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు. లేదన్నాను. "నా ముఖం చూసి మొహమాటపడలేదు కదా?" "మీ ముఖం చూస్తే రానక్కర్లేదనే అనిపించిందండి" అన్నాను. ఆవిడ నవ్వి, నా గదిలోకి వచ్చి, గోడమీది నమూనా కాగితాన్ని గోళ్ళతో గీకి ఊడబీకి, సిరంజులు మరగబెట్టే పొయ్యిలో పడేశారు. సగం గోడకే ఉండిపోయింది. దాన్ని నేను తడిగుడ్డతో తుడిచాను.

కోర్టులో నా వంతు వచ్చింది. అవతలి వకీలు మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. "ఈ వాక్యం అర్థం తెలిసే కొట్టావా అమ్మాయ్?" అన్నాడు. తెలియదండి అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలుకి ఉత్సాహం వచ్చింది. "అర్థం తెలియకుండా కోర్టుకొచ్చే కాగితాల మీద ఇష్టం వచ్చింది కొడతావన్నమాట. ఇలా ఎన్నింటి మీద కొట్టావు?" నన్ను చులకన చెయ్యడానికే అడిగాడు. నేను మాత్రం నిజంగానే లెక్కపెట్టుకున్నాను. ఒక్కొక్క పేరూ గుర్తొచ్చింది. "పది పన్నెండు ఉంటాయండి. వచ్చిన ప్రతి ఆడమనిషి కాగితం మీదా కొట్టాను. ఎవర్నీ చూసి కొట్టింది కాదండి. గోడమీద ఉండేది, కొట్టేదాన్ని" అన్నాను. నవ్వు ఆగిపోయింది. జడ్జిగారు రాస్తున్న కలం పక్కన పెట్టి నన్ను చూశారు. మళ్ళీ తీసి రాసుకున్నారు. ఆ పదిపన్నెండుగురికీ నేనేం చేశానో అక్కడే, అందరి ముందూ నాకు తెలిసింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఉండాలి కూడా.

తిరుగు బస్సులో నలుగురం ఒకే వరసలో కూర్చున్నాం. సుభద్రమ్మ గారు పప్పు పంచారు. పైడమ్మ కిటికీలోంచి చూస్తూ, తనని ఏమేం అడిగారో చెప్పింది. ఎందుకు అరవలేదన్నారు. ఎన్నిసార్లు వద్దన్నావన్నారు. "నెక్కెట్టుకోనేదు బాబూ, ఒక్కపాలి సెప్తే సాలదా అన్నాను" అంది. కొంచెం దూరం పోయాక తనే మళ్ళీ అంది. "అమ్మా, అసలు వద్దన్నానా, అనుకున్నానా అని ఆ రేత్రంతా నాకే అనుమానం వచ్చినాది. ఊరంతా నువ్వొప్పుకున్నావంటే మరేటి అనుకుంటాను? తోటలో వద్దన్నాను, ఆడు ఇన్నేదు. మీకాడ వద్దన్నాను, ఇన్నారు. అప్పుడు తెలిసినాది, నా నోట్లోంచి మాట బయిటికి వస్తాదని." సుభద్రమ్మ గారు చేతిలో పప్పు అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను అదొక్కసారే చూశాను.

కేసు పోయింది. దాచడమెందుకు. కోక లేదు, గుర్తులు చాలవు, చూసినవాళ్ళు లేరు, సందేహం ఉంది కాబట్టి వదిలేస్తున్నామన్నారు. కానీ పెళ్ళయిన స్త్రీ అన్న సంగతికీ ఆమె ఒప్పుకుందా లేదా అన్నదానికీ సంబంధం లేదని, ఆ టైపు వాక్యాన్ని లెక్కలోకి తీసుకోలేదని కూడా తీర్పులో రాశారు. చదవకుండా సంతకం పెట్టినందుకు సుభద్రమ్మ గారికి పైనుంచి మెమో వచ్చింది. దాన్ని మడిచి కిటికీ రెక్క ఆడకుండా సందులో పెట్టారు. నాకు కుదరబోయిన సంబంధం ఒకటి తప్పిపోయింది. ఆ పెళ్ళికొడుకుని తర్వాత ఒక పెళ్ళిలో చూశాను. ఆకులో వడ్డించినదాన్ని వద్దన్న మనిషి చేత కూడా బలవంతాన తినిపిస్తున్నాడు. తప్పిపోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

తీర్పు విని నేను క్రుంగిపోయాను గాని, పైడమ్మ అంత క్రుంగలేదు. "నాను సెప్పవలసింది సెప్పీసినాను" అంది. తన భయమంతా కలకత్తాలో మొగుడు ఏమంటాడోనని. కలకత్తా నుంచి పోస్టుకార్డు వస్తే సిమ్మాద్రమ్మ దాన్ని చీరచెంగులో కట్టుకుని నా దగ్గరికి చదివించుకోడానికి తెచ్చింది. కార్డు మీద రెండే వాక్యాలు, ఎవరిచేతో రాయించినవి. అమ్మా, పైడిని ఎవరు ఏమన్నా నువ్వు పక్కనుండు. నేను వస్తున్నాను, నాతో తీసుకెళ్తాను. నేను చదివాక సిమ్మాద్రమ్మ మళ్ళీ చదవమంది. అలా నాలుగుసార్లు చదివించుకుంది. "నా కడుపున పుట్టినోడే" అంది, ముక్కు చీదుకుంటూ.

కొడుకూ కోడలూ కలకత్తా వెళ్ళిపోయాక సిమ్మాద్రమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడకి ఒకటే బాధ, "నానే కడిగీసినాను" అని. సుభద్రమ్మ గారు ఎంత చెప్పినా ఆ మాట వదిలేది కాదు. ఒకరోజు డాక్టరు గారు విసిగి, "అయితే ఇంకొకళ్ళు కడక్కుండా చూడు" అన్నారు. "చూస్తావా?" అని అడిగారు కూడా. ఆ ముసలావిడ దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో మాకు అప్పుడు తెలీదు. సంత సంతకీ తిరిగిందిట. గాజులమ్మేవాళ్ళ దగ్గర, సాకిరేవుల దగ్గర, మంత్రసానుల ఇళ్ళ దగ్గర కూర్చుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా తన కథే చెప్పిందిట. రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున్న, ఎక్కడో శ్రీముఖలింగం అవతల పల్లె నుంచి ఒక చాకలావిడ బండి కట్టించుకుని ఒక పిల్లని తెచ్చింది. పిల్ల ఒంటిమీద ముందు రోజు కోకే ఉంది. "ఆల్లమ్మ నీళ్ళు కాసీసినాదండి. నానే పొయ్యి ఆర్పీసినాను. కడక్కండి, ముందు డాట్రమ్మకాడికి ఎల్లండని సిమ్మాద్రమ్మ సంతలో సెప్పినాది" అంది. ఆ కేసులో శిక్ష పడింది. కబురు తెలిసిన రోజు సిమ్మాద్రమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, అడ్డబాస కదిలేలా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

నేను టైపు మిషను వదిలి నర్సు శిక్షణకి వెళ్ళాను. ముప్ఫైరెండేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేశాను. వెళ్ళిన ప్రతిచోటా నా చాదస్తాన్ని ఆడిపోసుకున్నారు. బయట వరస పెరిగిపోతోందని విసుక్కున్న చిన్న నర్సులకి, గుంకనీ అమ్మా అనేదాన్ని. సుభద్రమ్మ గారు రిటైరై విజయనగరంలో అన్నగారింట్లో ఉండేవారు. చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీద ఉన్నారు, మాట సన్నబడింది. నేను చేతులు రుద్దుకుని, "నుదుటి మీద చెయ్యి వెయ్యనా అండీ?" అన్నాను. "వద్దు" అన్నారు. నేను చెయ్యి తీసేశాను. ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వి, "పాసయ్యావు. ఇప్పుడు వెయ్యి" అన్నారు.

లేబొరేటరీ కుర్చీలో నాకు ఇదంతా గుర్తుకొచ్చింది. ఎదురుగా ఆ అమ్మాయి చెయ్యి చాపి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. అడగడమైతే అడిగింది, అదెంతవరకో చూద్దామని నాకు ముసలితనపు కొంటెతనం పుట్టింది. "వద్దమ్మా" అన్నాను. ఆ పిల్ల ముఖంలో ఏ మార్పూ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరేనమ్మా" అని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నా వెనక కుర్చీల్లో జనం గొణుగుతున్నారు. ఆ సరేలో కూడా వెతికాను, ఏమీ దాగి లేదు. ఎవరు నేర్పారమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. రవికచేతిని పైకి లాక్కుని, నేనే చెయ్యి చాపాను.